పచ్చదీపం చెప్పని సంగతి

అడగకముందే మన అక్కర ఎరిగిన దేవునికి స్తోత్రం. నోరు తెరిచి చెప్పుకోలేనివాళ్ళ మనవిని కూడా ఆలకించే తండ్రికి, ఎవరి లెక్కలోకీ రాక పక్కన ఉండిపోయినవాళ్ళని వెతుక్కుంటూ వచ్చే కాపరికి మహిమ. ఈ నాలుగు మాటలు రాసుకునే తీరిక, చూసింది చూసినట్టు గుర్తుపెట్టుకునే మనసు ఇచ్చినందుకు ఆయనకి వందనాలు.

ఆయన్ని తలుచుకోకుండా ఏ పనీ మొదలుపెట్టకూడదని మా నాన్నగారు నేర్పారు. ఆయన గోదావరి పాయల మధ్య ఉన్న లంక ఊళ్ళలో ఉపదేశిగా పనిచేశారు. పాస్టరుగారు నెలకోసారి వచ్చేవారు, మిగతా ఆదివారాలు ఆరాధన నడిపించేది మా నాన్నగారే. నేను ఆయన దారిలో కాక కంప్యూటర్ల దారిలో వెళ్ళాను గానీ ఆ అలవాటు మాత్రం పోలేదు. పొద్దున్న స్క్రీను వెలిగేలోపు కళ్ళు మూసుకుంటాను. మా గదిలోకి వచ్చినవాళ్ళు పాత కంప్యూటరు కాబట్టి లేటుగా వెలుగుతోంది, ఈవిడ నిద్రపోతోంది అనుకుంటారు.

నేను పనిచేసేది గోదావరి గట్టుకి దగ్గర్లో ఉన్న ఒక మిషను ఆసుపత్రిలో. అక్కడ ఓపీ కౌంటర్లో పేర్లు నమోదు చేసే ప్రోగ్రాము ఒకటి, ల్యాబులో రక్తపరీక్షల ప్రోగ్రాము ఒకటి, వార్డుల్లో నర్సులు రిపోర్టులు చూసుకునే ప్రోగ్రాము ఒకటి. మూడూ మూడు కంపెనీలవి. ఒకదాని మాట ఇంకోదానికి తెలియదు. వాటి మధ్య కూర్చుని ఒకరి మాట అందుకుని, రెండోవాళ్ళకి తెలిసే పద్ధతిలోకి మార్చి, వాళ్ళకి అందించే ఇంకో ప్రోగ్రాము ఉంది. దాన్ని ఇంటిగ్రేషన్ ఇంజిన్ అంటారు. నా చిన్నప్పుడు మా సంఘానికి పైదేశం నుంచి ప్రసంగీకుడు వస్తే, ఆయన పక్కన ఇంకొకరు నిలబడి ఒక్కో మాటా తెలుగులోకి తర్జుమా చేసేవారు. ఇంజిన్ అనగానే నాకు ఆ తర్జుమా చేసే మనిషే గుర్తొస్తాడు. అందరూ ప్రసంగీకుడి మొహం చూసేవాళ్ళు, నేను మాత్రం ఆ రెండో మనిషిని చూసేదాన్ని. ఈయన ఏదైనా ఒక మాట మింగేస్తే మనకెలా తెలుస్తుంది అని.

ఇంజిన్లో ఒక్కో దారిని ఛానెల్ అంటారు. ల్యాబు నుంచి కాన్పుల వార్డుకి ఒక ఛానెల్, ల్యాబు నుంచి ఐసీయూకి ఒకటి, ఓపీకి ఒకటి, ఇలా. నా స్క్రీను మీద ఒక్కో ఛానెల్ పక్కన ఒక చిన్న దీపం ఉంటుంది. నడుస్తుంటే పచ్చ, ఆగిపోతే ఎరుపు. పొద్దున్న రాగానే అన్నీ పచ్చగా ఉన్నాయో లేదో చూసుకోవడం, ఏదైనా ఎర్రగా ఉంటే మళ్ళీ నడిపించడం నా పని.

ఆ రోజు కాన్పుల వార్డులో లంక నుంచి వచ్చిన ఒకావిడ ఉంది. నొప్పులు మొదలయ్యాయి. పొద్దున్నే రక్తం తీసి ల్యాబుకి పంపారు. సాయంత్రం అయినా రిపోర్టు వార్డు కంప్యూటర్లోకి రాలేదు. ల్యాబు ఇన్‌చార్జిగారు డ్యూటీ దిగి ఇంటికెళుతూ మెట్ల దగ్గర వార్డు ఇన్‌చార్జి సిస్టరుగారికి ఎదురుపడి, ఏదో మాటవరసకి, "ఆ లంక అమ్మాయికి రక్తం ఎక్కించేశారా అండి?" అని అడిగారు. సిస్టరుగారు అక్కడికక్కడే ఆగిపోయారు. ఆవిడ ఒంట్లో రక్తం ప్రమాదం అనదగినంత తక్కువగా ఉందని ల్యాబుకి మధ్యాహ్నానికే తెలుసు. వార్డుకి తెలియదు. ఆ తర్వాత అంతా పరుగులే. దేవుని కృప వల్ల తల్లీ, బిడ్డా ఇద్దరూ బతికారు.

మర్నాడు సూపరింటెండెంటుగారి గదిలో మా ముగ్గుర్నీ కూర్చోబెట్టారు. సూపరింటెండెంటుగారు నెమ్మదైన డాక్టరు. కోపం వచ్చినా గొంతు పెంచరు, కళ్ళజోడు తీసి తుడుచుకుంటారు. ఆ రోజు చాలాసేపు తుడిచారు.

"మేం మధ్యాహ్నానికల్లా పంపేశామండి," అన్నారు ల్యాబు ఇన్‌చార్జిగారు. ఆయనది మండపేట వైపు వ్యవసాయ కుటుంబం. నిలువు బొట్టు, చొక్కా జేబులో నాలుగు పెన్నులు. "మా కంప్యూటర్లో వెళ్ళినట్టే ఉంది."

"మీరు పంపితే నాకు కనపడాలి కదండి," అన్నారు సిస్టరుగారు. "నాకు చత్వారం ఉంది గానీ గుడ్డితనం లేదు. మధ్యాహ్నం భోంచేశాక కూడా చూశాను. రాలేదు."

సూపరింటెండెంటుగారు నా వైపు తిరిగారు. "మధ్యలో నీ ఇంజిన్ ఆగిందేంటమ్మా?"

అప్పటికే నేను చూసి వచ్చాను. కాన్పుల వార్డు ఛానెల్ ఒక్క క్షణం కూడా ఆగలేదు. తప్పిన సందేశాలు సున్నా. వేచి ఉన్నవి సున్నా. దీపం పచ్చగానే ఉంది. ఉన్నమాట చెప్పాను.

సిస్టరుగారే అన్నారు. "అయితే వచ్చిందే నేను చూళ్ళేదన్నమాట."

"అలా అనట్లేదు సిస్టర్," అన్నారు సూపరింటెండెంటుగారు. "వచ్చే కమిటీలో మాట్లాడదాం. అంతవరకూ మీరే చూడండి. ఆ తర్వాత కావాలంటే స్టోర్సు చూసుకుందురుగాని. అక్కడ పని తేలిక."

ఆయన దయతోనే అన్నారు. అందుకే అది ఇంకా గట్టిగా తగిలింది. సిస్టరుగారు నర్సింగు చదువు అయిన దగ్గర్నుంచీ ఆ వార్డులోనే ఉన్నారు. రిటైరయ్యే రోజు కూడా ఆ వార్డు గుమ్మంలోంచే బయటికి నడవాలని ఆవిడ కోరిక. అది ఆసుపత్రిలో అందరికీ తెలుసు. ఆవిడ చేతుల్లో పుట్టినవాళ్ళు ఇప్పుడు కాన్పుకి ఆవిడ దగ్గరికే వస్తున్నారు.

బయటికొచ్చాక వరండాలో నాతో అన్నారు. "నా మాటకీ నీ పచ్చదీపం మాటకీ తేడా వస్తే దీపాన్నే నమ్మారు చూడు. దానికి జీతం కూడా లేదు."

"నేను దాన్ని అడుగుతానండి," అన్నాను.

"ఏమని అడుగుతావే? ప్రమాణం చేయిస్తావా?"

ల్యాబు ఇన్‌చార్జిగారు నవ్వాపుకుని అన్నారు. "మా పొలం కాలువ చివరండి. శివారు భూమి. నీళ్ళు రాకపోతే మా నాన్న లాకుల దగ్గరికెళ్ళి అడిగేవాడు. కాలువ కాపలా చూసే లస్కరు, షట్టరు ఎత్తే ఉందండి అనేవాడు. నిజమే, ఎత్తే ఉండేది. మా చేలో మాత్రం కప్పలు కూడా ఎండిపోయేవి."

ఆయన నన్ను ఆటపట్టించడానికి అన్నారో, సిస్టరుగారిని ఓదార్చడానికి అన్నారో నాకు తెలియదు. నాకు మాత్రం ఆ మాట పట్టుకుంది. పచ్చదీపం అంటే షట్టరు ఎత్తి ఉందని అర్థం. అంతే. నీళ్ళు ఎటు పోతున్నాయో అది చెప్పలేదు. మనం అడగనూ లేదు.

స్క్రీను ముందు కూర్చుని చూస్తే తెలిసేది ఆ క్షణం సంగతి మాత్రమే. నాకు రోజంతా ఏం జరుగుతోందో కావాలి. ఇంజిన్‌తో పాటు ఇచ్చిన పుస్తకం తిరగేస్తే, ఆ ఇంజిన్‌కి ఇంకో గుమ్మం ఉందని తెలిసింది. మనుషులు చూసే స్క్రీను ఒక గుమ్మమైతే, ప్రోగ్రాములు వచ్చి ప్రశ్న అడిగి జవాబు పట్టుకెళ్ళే గుమ్మం ఇంకొకటి. దాన్ని వెబ్ ఏపీఐ అంటారు. ఫలానా అడ్రసుకి ఫలానా ప్రశ్న పంపితే ఇంజిన్ తన స్థితిని అక్షరాల్లో చెబుతుంది. ప్రశ్న పంపే చిన్న ప్రోగ్రాముని స్క్రిప్టు అంటారు. అన్నాళ్ళూ ఆ గుమ్మం అక్కడే ఉంది, నేను తట్టలేదు.

మధ్యాహ్నం భోజనాల వేళ క్యారేజీ పక్కన పెట్టుకుని మొదలుపెట్టాను. మొదటిసారి నా స్క్రిప్టే వెళ్ళనంది. ఇంజిన్ చూపించే గుర్తింపు పత్రం దాని మీద అదే సంతకం చేసుకున్నది, నమ్మను అంది. ఇది మన ఇంట్లోదే, నమ్మొచ్చు అని స్క్రిప్టుకి చెప్పాల్సి వచ్చింది. తర్వాత ఇంజిన్ వద్దంది. యూజరు పేరూ పాస్‌వర్డూ సరిగ్గానే ఉన్నాయి, అయినా కాదంది. పుస్తకం మళ్ళీ చదివితే, ప్రశ్నతో పాటు ఒక అదనపు వరుస పంపాలట. ఇది పొరపాటున వచ్చిన ప్రశ్న కాదు, కావాలనే అడుగుతున్నాం అని తెలిపే వరుస. అది కలిపి పంపాను. ఈసారి జవాబు వచ్చింది. స్క్రీను నిండా కోణాల గుర్తుల మధ్య ఇరుక్కున్న అక్షరాలు. అదే జవాబుని ఇంకొంచెం చదవడానికి వీలైన పద్ధతిలో ఇవ్వమని అడిగాను, ఇచ్చింది. ఇంత మర్యాదస్తురాలైన ఇంజిన్‌తో ఇన్నాళ్ళూ మాట్లాడలేదే అనిపించింది. పులిహోర చల్లారిపోయింది.

జవాబులో కాన్పుల వార్డు ఛానెల్ పేరు కింద కొన్ని అంకెలు ఉన్నాయి. ల్యాబు నుంచి అందినవి ఇన్ని. వార్డుకి పంపినవి ఇన్ని. వేచి ఉన్నవి లేవు. తప్పినవి లేవు. ఇంకొకటి ఉంది, పక్కన పెట్టినవి. ఆ అంకె చాలా పెద్దది.

ఆ అంకె స్క్రీను మీద కూడా ఎప్పుడూ కనపడేదే. అది పెద్దగా ఉండడం మామూలే కాబట్టి ఎవరూ దాన్ని చూడరు. ల్యాబు నుంచి వచ్చే ప్రతి రిపోర్టూ ముందు అన్ని ఛానెళ్ళకీ వెళుతుంది. ఇది నా వార్డు మనిషిది కాదు అనుకుంటే ఆ ఛానెల్ దాన్ని పక్కన పెడుతుంది. ఓపీవాళ్ళ రిపోర్టు కాన్పుల వార్డుకి ఎందుకు? కాబట్టి పక్కన పెట్టడం తప్పు కాదు. తప్పు కాదు కాబట్టి ఎర్రదీపం వెలగదు. అందిందీ కాదు, పోయిందీ కాదు, తప్పిందీ కాదు. అలాంటి చోటు ఒకటి ఉందని నాకు అంతకుముందు తట్టలేదు.

స్క్రిప్టుకి ఒక పని అప్పజెప్పాను. అయిదేసి నిమిషాలకి ఇంజిన్‌ని అడుగు, కిందటిసారికీ ఈసారికీ ఏ అంకె ఎంత పెరిగిందో రాసి ఉంచు. అంతే. ప్రవక్తల కాలంలో ఊరి గోడ మీద కావలివాడు ఉండేవాడని సండేస్కూల్లో పిల్లలకి చెబుతుంటాను. దారిలో ఏం వస్తోందో చూసి చెప్పడమే అతని పని, యుద్ధం చెయ్యడం కాదు. నా స్క్రిప్టు కూడా అలాంటిదే.

ఆ రాతలు చూస్తుంటే ఆసుపత్రి ఊపిరి తీసుకోవడం కనపడేది. వార్డుల్లో డాక్టర్ల రౌండ్లు అయ్యాక ల్యాబు అంకెలు గబగబా పెరిగేవి. భోజనాలప్పుడు నెమ్మదించేవి. ఒకరోజు పొద్దున్న అన్ని ఛానెళ్ళూ ఒకేసారి కదలకుండా ఆగిపోయాయి. కంగారుగా లేవబోయాను, ఇంతలో చాపెల్లోంచి పాట వినిపించింది. స్టాఫు ప్రార్థన వేళ అది. ఐసీయూ తప్ప అందరూ అక్కడే ఉన్నారు. నేను ఒక్కదాన్నే యంత్రాన్ని చూస్తూ కూర్చుండిపోయాను. సిగ్గుపడి పరిగెత్తాను.

ల్యాబు పంపిన వాటిలో ఎన్ని ఏదో ఒక చోటికి చేరాయి, ఎన్ని ఎక్కడికీ చేరకుండా అన్ని ఛానెళ్ళూ పక్కన పెట్టేశాయి అని స్క్రిప్టు చేత లెక్క వేయించాను. మామూలు రోజుల్లో అలాంటివి లేవు. సోమవారం మాత్రం ఉన్నాయి. ఇంజిన్ దగ్గర మిగిలి ఉన్న పాత సందేశాలు కూడా అడిగి తెప్పించుకున్నాను. కిందటి సోమవారం కూడా అంతే, దాని ముందుదీ అంతే. రక్తం తక్కువైన ఆవిడ వచ్చింది కూడా సోమవారమే.

సోమవారం ఏముంది?

ల్యాబుకి వెళ్ళి అడిగాను. "సోమవారం మీ మెషీన్లకి ఏమైనా సర్వీసు చేస్తారేంటండి?"

"సోమవారం ఉపవాసం నాకండి," అన్నారు ల్యాబు ఇన్‌చార్జిగారు. "మెషీన్లు శుభ్రంగా తింటాయి."

తిరిగొచ్చి, అలా ఎక్కడికీ చేరని సందేశాల్లో ఆ లంక ఆవిడది తెరిచాను. ఇంజిన్ దాన్ని ఎందుకు పక్కన పెట్టిందో అక్కడే ఉంది. ఆసుపత్రి నెంబరు వార్డులో ఉన్న మనిషిదే, పేరు మాత్రం వేరు. నెంబరూ పేరూ రెండూ కలిస్తేనే వార్డుకి పంపాలని ఇంజిన్‌కి ఒక నియమం ఉంది. కలవలేదు కాబట్టి పంపలేదు. ల్యాబు పంపిన దాని మీద బైబిల్లోని ఒక విశ్వాసి స్త్రీ పేరు ఉంది, సండేస్కూల్లో అందరికీ తెలిసిన పేరు. ఆసుపత్రి రికార్డులో వేరే ఎవరిదో పేరు.

ఒకే నెంబరు మీద ఇద్దరు మనుషులా? ఒకరి రక్తం తీసి ఇంకొకరి పేరు అంటించారా? అదే నిజమైతే సిస్టరుగారిని స్టోర్సుకి కాదు, ఇంటికే పంపేస్తారు. ఆవిడని కాపాడదామని బయల్దేరి నేనే గొయ్యి తవ్వానా అనిపించింది.

వార్డుకెళ్ళి అడిగాను, సందేశం మీద ఉన్న పేరు చెప్పి.

"ఆ పేరుగల మనిషి నా వార్డులో లేదు," అన్నారు సిస్టరుగారు వెంటనే. "నేను చేతికున్న పట్టీ చదవకుండా ఎవరికీ సూది గుచ్చనివ్వను. ఏం, ఏమైంది?"

"ఏం లేదండి. ఇంకా అడుగుతున్నాను."

"నీ మొహం చూస్తే ఏం లేనట్టు లేదు," అన్నారు. ఒక్క క్షణం ఆగి, "ఏదైనా సరే ఉన్నదే చెప్పు. నా కోసం దిద్దకు," అన్నారు.

కమిటీకి ముందు ఒక్క సోమవారమే మిగిలింది. ఆదివారం ఆరాధనలో మోకరించాను. నిజం కనపడాలి ప్రభువా అని అడిగాను. ఆ నిజం సిస్టరుగారి వైపు ఉండాలని అడగడానికి ధైర్యం చాల్లేదు.

సోమవారం నేను నా గదికి వెళ్ళలేదు. ఓపీ కౌంటరు పక్కన నిలబడ్డాను. గోదావరి మీద పంటు పడవ దిగి లంకల నుంచి వచ్చే ఆటోలు ఒకదాని వెనక ఒకటి ఆగుతున్నాయి. ఒకదాంట్లోంచి ఒక పాస్టరమ్మగారు దిగారు, వెనకే నలుగురైదుగురు గర్భిణీలు. ఆవిడ నాకు తెలిసిన మనిషే. ఆదివారం ఆరాధన అయ్యాక కాన్పు దగ్గరపడ్డవాళ్ళని ముందుకి పిలిచి, సంఘమంతా పేరుపేరునా ప్రార్థన చేయిస్తారు. సోమవారం వాళ్ళని ఆవిడే వెంటబెట్టుకుని మా కాన్పుల వార్డులో చేర్చడానికి తీసుకొస్తారు. అన్నాళ్ళుగా జరుగుతున్న పద్ధతే అది.

"వందనాలమ్మగారూ," అన్నాడు కౌంటరు క్లర్కు. "చెప్పండి, ఎవరెవరు?"

ఆవిడ ఆడవాళ్ళని ఒక్కరి నోరు కూడా విప్పనివ్వలేదు. ప్రార్థనలో చదివినట్టే వరసగా పేర్లు చెప్పేశారు. అతను వరసగా టైపు చేసేశాడు. చీటీలు వచ్చాయి, వాళ్ళు రక్తం ఇవ్వడానికి వెళ్ళారు. గొట్టాల మీద ఆ పేర్లే అంటుకున్నాయి.

ఎండ ముదిరాక భర్తలు రావడం మొదలైంది. ఒకతను పొద్దున్న అరటి గెలలు కోసి, రావులపాలెం సంతకి లోడు ఎక్కించి అటునుంచి అటే వచ్చినట్టున్నాడు. చొక్కా నిండా అరటి కర మరకలు. ప్లాస్టిక్ సంచిలోంచి భార్యకి ప్రభుత్వం ఇచ్చిన కార్డు తీసి కౌంటర్లో పెట్టాడు.

క్లర్కు చూసి, "కార్డులో పేరు ఇది కాదేంటండి?" అన్నాడు.

"అది బళ్ళో వేసిన పేరండి. గుళ్ళో పేరు వేరండి."

"కార్డు పేరే ఉండాలండి, లేకపోతే రాయితీ వర్తించదు. మార్చేస్తున్నాను."

"అలాగేనండి, మార్చండి."

మార్చేశాడు. అడిగినవాడికీ, చెప్పినవాడికీ, వెనక నిలబడ్డవాళ్ళకీ అందులో వింత లేదు. నాకూ ఒక క్షణం ఏమీ అనిపించలేదు. ఆ తర్వాత నా మెడలో వేలాడుతున్న గుర్తింపు కార్డు మీదికి చూపు పోయింది. అందులో ఉన్నది నాకు బాప్తిస్మంలో పెట్టిన పేరు కాదు. మా అన్నయ్యదీ అంతే. మా అమ్మదీ అంతే. మా వైపు బడిలో ఒక పేరు, గుడిలో ఒక పేరు ఉంటాయి. ఎందుకలా అని ఎవరూ అడగరు. గుడి పేరు కాగితాలకెక్కితే రిజర్వేషన్లూ రాయితీలూ పోతాయని అందరికీ తెలుసు కాబట్టి. గాలి మనకి కనపడనట్టే అది మా ఎవరికీ కనపడలేదు.

ఇద్దరు మనుషులు కాదు. ఒక్క మనిషే. రక్తం గొట్టం మీద సంఘం పిలిచే పేరు, రిపోర్టు వచ్చేసరికి రికార్డులో కార్డు పేరు. పాపం ఇంజిన్‌కి బాప్తిస్మం సంగతి ఎవరూ చెప్పలేదు.

వార్డుకి నడవలేదు, పరిగెత్తాను. "సిస్టరుగారూ, ఈ పొద్దున వచ్చిన లంకవాళ్ళ రిపోర్టులు ల్యాబులో తయారై ఉంటాయి. మీ కంప్యూటర్లోకి రావు. ల్యాబుకి ఫోను చేసి నెంబరు చెప్పి అడగండి."

ఆవిడ ఎందుకని అడగలేదు. ఫోను చేసి రిపోర్టులన్నీ చెప్పించుకుని రాసుకున్నాకే నా వైపు తిరిగారు. "ఇప్పుడు చెప్పు."

చెప్పాను. ఆవిడ కుర్చీలో కూర్చుని కొంగుతో మొహం తుడుచుకున్నారు. "నేను చూశాను కదే," అన్నారు చాలా నెమ్మదిగా. "రాలేదన్నాను కదే."

కమిటీలో స్క్రిప్టు రాసిన అంకెలు గోడ మీద చూపించాను. సోమవారం సోమవారం పైకి లేస్తున్న గీత చూపించాను. సూపరింటెండెంటుగారు కళ్ళజోడు తీయలేదు. శ్రద్ధగా చూశారు.

"మనలో రెండు పేర్లున్నవాళ్ళు ఎంతమందండి?" అని అడిగాను.

మేట్రనుగారు చెయ్యి ఎత్తారు. అకౌంట్సాయన ఎత్తారు. చాపెల్ పాస్టరుగారు ఎత్తారు. చివర్న సూపరింటెండెంటుగారు బల్ల మీద ఉన్న చెయ్యి కొంచెం పైకి లేపారు. ల్యాబు ఇన్‌చార్జిగారు అటూ ఇటూ చూసి, "నాకొకటేనండి. అది కూడా మా ఆవిడ వాడదు," అన్నారు. అందరం నవ్వాం. ఆ నవ్వుతో గదిలో ఏదో సడలింది.

"నెంబరు ఒక్కటే చూస్తే చాలదా?" అన్నారు సూపరింటెండెంటుగారు. "పేరు కూడా కలవాలనే నియమం ఎవరు పెట్టించారు?"

నాకు తెలియదు. కంపెనీవాళ్ళు ఇంజిన్ పెట్టినప్పుడు నేనింకా ఆ ఉద్యోగంలో చేరలేదు.

"నేనేనండి," అన్నారు సిస్టరుగారు. "ఒక్క అంకె తేడాగా కొడితే ఒకరి రిపోర్టు చూసి ఇంకొకరికి మందు వేస్తాం. రెండూ కలవకపోతే నా వార్డుకి పంపొద్దని నేనే పట్టుబట్టాను."

"అయితే ఇప్పుడు తీసేద్దామా?"

ఆ నియమం వల్లే ఆవిడ మాట పోయింది. ఆ నియమం వల్లే స్టోర్సు దాకా వచ్చింది. అవునండి, తీసేయండి అంటే ఎవరూ తప్పుపట్టరు.

"వద్దండి," అన్నారు ఆవిడ. "నన్ను స్టోర్సుకి పంపాలంటే పంపండి. అది మాత్రం తియ్యకండి. పక్కన పెట్టింది అంటే పక్కన పెట్టానని ఎవరికైనా చెప్పాలి గదా. అది నేర్పించండి దానికి."

సూపరింటెండెంటుగారు అప్పుడు కళ్ళజోడు తీశారు. తుడవలేదు, చేతిలోనే పట్టుకున్నారు. "సిస్టర్, స్టోర్సు మాట నేను అనకుండా ఉండాల్సింది," అన్నారు. "మీ వార్డు మీరే చూసుకోండి."

నియమం అలాగే ఉంది. ఇప్పుడు కౌంటర్లో క్లర్కు చిన్న గొంతుతో, "ఇంకో పేరేమైనా ఉందాండి?" అని అడుగుతాడు. రెండూ రాస్తాడు. కొందరు చెప్పరు, అది వాళ్ళ ఇష్టం. నా స్క్రిప్టు ఇప్పటికీ అయిదేసి నిమిషాలకి ఇంజిన్ గుమ్మం తడుతుంది. నడుస్తున్నావా అని ఒక్కటే అడిగి ఊరుకోదు, ఎవరినైనా పక్కన పెట్టావా అని కూడా అడుగుతుంది. నెంబరు కలిసి పేరు కలవని సందేశం ఏదైనా ఉంటే సిస్టరుగారి ఫోను మోగుతుంది. ఆ మోతకి ఆవిడ చర్చి గంట పెట్టుకున్నారు. సోమవారాలు మా గది మీదుగా వెళుతూ తలుపు దగ్గర ఆగి, "ఏమే, ఇవాళ అడిగావా దాన్ని?" అంటారు. అడిగానండి అంటాను. లోపలికి రారు. వార్డులో పని ఉంటుంది.

ఆ లంక ఆవిడ బిడ్డకి బాప్తిస్మం ఇచ్చిన ఆదివారం నేనూ వెళ్ళాను. పాస్టరుగారు నీళ్ళు చల్లి పేరు పలికారు. బళ్ళో ఏం పేరు వేస్తారో నేను అడగలేదు.

దీన్ని ఇంతవరకూ చదివిన మీరు, ఎక్కడ కూర్చుని ఉన్నా, ఒక్క నిమిషం నాతో పాటు కళ్ళు మూసుకోండి. తండ్రీ, తప్పు అనిపించుకోకుండానే పక్కన ఉండిపోయినవాళ్ళు మా చుట్టూ ఉన్నారు. వాళ్ళని ఏ పేరుతో పిలవాలో నీకు తెలుసు. దీపం పచ్చగా ఉంది కదా అని మేము కుదురుగా కూర్చుండిపోకుండా, ఇంకొక్క ప్రశ్న అడిగే మనసు మాకివ్వు. అబద్ధమాడారని అనిపించుకుంటున్న నిజాయితీపరుల పక్షాన నిలబడు, మమ్మల్నీ నిలబెట్టు. ఈ మనవికి మీరు కూడా ఆమేన్ అనండి.